అనుమతి ఇచ్చాక ఎలుకను చూసేదెవరు?

జంతువులపై ప్రయోగాల నియంత్రణ, పర్యవేక్షణ కమిటీ (సీసీఎస్‌ఈఏ) ఛైర్మన్ గారికి, సభ్యులకు, అలాగే దేశంలోని సంస్థాగత జంతు నైతిక కమిటీల (ఐఏఈసీ) సభ్యులందరికీ నమస్కారం.

మన దేశంలో ప్రయోగశాల జంతువులకు చట్టరక్షణ లేదనే మాట తరచూ వినిపిస్తుంది. అది నిజం కాదు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో నాలుగో అధ్యాయం పూర్తిగా వీటి గురించే. ఆ చట్టం లెక్కలో జంతువంటే మనిషి కాని ప్రతి ప్రాణీ. అమెరికా జంతు సంక్షేమ చట్టం పరిశోధన కోసం పెంచే ఎలుకల్ని, చిట్టెలుకల్ని, పక్షుల్ని తన పరిధిలోంచే తప్పించింది. మన చట్టం అలా తప్పించలేదు. 1998 నియమాల ప్రకారం రిజిస్ట్రేషన్ లేని సంస్థ ప్రయోగం చేయకూడదు, ఐఏఈసీ ఆమోదం లేని ప్రోటోకాల్ (ప్రయోగ ప్రణాళిక) మొదలుపెట్టకూడదు, ఆ కమిటీలో మీరు పంపిన నామినీ ఉండాలి. కుందేలు కన్నా పెద్ద జంతువైతే దస్త్రం మీ దాకా రావాలి.

కాగితం మీద చూస్తే మన ఏర్పాటు చాలా దేశాల కన్నా నయం. చిక్కల్లా ఆ రక్షణ ప్రయోగం మొదలయ్యే ముందురోజుతో అయిపోవడమే. ప్రయోగానికి అనుమతి కోరే దరఖాస్తు ఫారం-బి మీద సంతకాలు పడ్డాక, మళ్లీ గడువు పొడిగింపు కోసం ఫైలు వచ్చేదాకా, ఆ జంతువు ఎలా ఉందో కమిటీకి తెలిసే మార్గం చాలాచోట్ల లేదు. ఈ లేఖ దాని గురించే. ఇందులో మేము అడుగుతున్నవాటిలో చాలా భాగం పార్లమెంటు దాకా పోనక్కర్లేదు. 17వ సెక్షన్ మీకు నియమాలు చేసే అధికారం ఇచ్చింది. మార్గదర్శకాలు మార్చడానికి ఒక సర్క్యులర్ చాలు.

మాటకు ఆధారంగా ఒక మామూలు ప్రోటోకాల్ తీసుకుందాం. ఏ ఫార్మసీ కళాశాల ఐఏఈసీ ఎజెండాలోనైనా కనిపించేదే: ఏదో ఒక మొక్క సారానికి మధుమేహాన్ని తగ్గించే గుణం ఉందా లేదా అని చూడటం. ఫారం-బిలో రాసేది రెండే వాక్యాలు. విస్టార్ రకం ఎలుకలు, గ్రూపుకు ఆరు, ఆరు గ్రూపులు, మొత్తం 36. మధుమేహం తెప్పించే స్ట్రెప్టోజోటోసిన్ కిలో ఒంటి బరువుకు 55 మి.గ్రా. చొప్పున సూదితో ఒక్క మోతాదు కడుపులోకి, ఆపైన 28 రోజులు మొక్క మందు. ప్రామాణిక పద్ధతే కదా అని పది నిమిషాల్లో ఆమోదం దొరుకుతుంది.

ఆ రెండు వాక్యాల వెనక జరిగేది ఇదీ. స్ట్రెప్టోజోటోసిన్‌ను పీహెచ్ 4.5 ఉన్న చల్లటి సిట్రేట్ బఫర్‌లో అప్పటికప్పుడు కలిపి వెంటనే ఇవ్వాలి, కలిపాక అది నిలవ ఉండదు. పోలిక కోసం ఆరోగ్యంగా ఉంచే ఒక గ్రూపు పోను మిగిలిన 30 ఎలుకలకు సరిపడా ఒకేసారి కలిపి బల్ల మీద పెట్టుకుని ఒక్కోదాన్నీ తూచి, పట్టుకుని, సూది వేస్తూ పోతే మొదటి ఎలుకకు అందిన మందు వేరు, చివరిదానికి అందింది వేరు. కొన్నింటికి చక్కెర పెరగనే పెరగదు. వాటిని పక్కన పెట్టి కొత్తవి తెస్తారు. ఆ పక్కన పెట్టినవి థీసిస్‌లో కనిపించవు, కమిటీ లెక్కలోకీ రావు.

సూది వేసిన మొదటి 24 గంటలు అసలు గండం. క్లోమంలోని బీటా కణాలు దెబ్బతిని, వాటిలో ఉన్న ఇన్సులిన్ ఒక్కపెట్టున రక్తంలోకి వస్తుంది. చక్కెర పెరగాల్సిన ఎలుకలో ముందు అది ప్రమాదకరంగా పడిపోతుంది. అందుకే ఆ రాత్రి 5 నుంచి 10 శాతం గ్లూకోజ్ నీళ్లు పెట్టాలి. పెట్టకపోతే తెల్లారేసరికి కొన్ని వణుకుతూ, మూర్ఛలతో పోతాయి. సూది శుక్రవారం సాయంత్రం వేసి శని, ఆదివారాలు సెలవు తీసుకుంటే ఎన్ని పోయాయో, ఎప్పుడు పోయాయో ఎవరికీ తెలియదు. సోమవారం రిజిస్టరులో 'మృతి' అని ఒక్క మాట ఉంటుంది.

గండం గడిచాక పరిస్థితి తిరగబడుతుంది. ఆరోగ్యంగా ఉన్న 250 గ్రాముల ఎలుక రోజుకు 25, 30 మి.లీ. నీళ్లు తాగుతుంది. మధుమేహం ముదిరిన ఎలుకకు 100 మి.లీ. కూడా చాలవు. కేజ్‌కు మూడు ఎలుకలు, 250 మి.లీ. సీసా ఒకటి అన్న మామూలు లెక్కన సీసా రాత్రికే అయిపోతుంది. తాగిన నీళ్లన్నీ మూత్రంగా పోతాయి. వారానికి రెండుసార్లు మార్చే వరిపొట్టు బెడ్డింగ్ ఒక్క రోజులోనే ముద్దవుతుంది. తడిలో నిలబడి నిలబడి పాదాలు పుండ్లు పడతాయి, లేచే అమ్మోనియాకు ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. దాహం, తడి, పుండ్లు కలిసి ఒత్తిడి హార్మోన్‌ను పెంచుతాయి, ఆ హార్మోన్ మళ్లీ చక్కెరను పెంచుతుంది. చివరికి పట్టికలో నమోదయ్యే అంకెలో మందు ప్రభావమెంత, ఖాళీ సీసా ప్రభావమెంత అన్నది విడదీసి చెప్పగలవారు లేరు. జంతువు బాగోగులు వేరు, డేటా నాణ్యత వేరు అనుకునేవాళ్లు ఈ ఒక్క మోడల్‌ను 28 రోజులూ దగ్గరుండి చూస్తే చాలు.

ఇందులో చట్టాన్ని ఉల్లంఘించినవాళ్లు ఎవరూ లేరు, గమనించండి. ఆమోదం ఉంది, రిజిస్టరు ఉంది, గది ఉష్ణోగ్రత మీ మార్గదర్శకాలు చెప్పిన 18-29 డిగ్రీల మధ్యే ఉంది, గంటకు 12 సార్లు గాలి మారుతోంది, 200 గ్రాముల ఎలుకకు 148 చదరపు సెంటీమీటర్ల నేల చొప్పున చోటు కూడా ఉంది. లేనిది, ఆ ప్రోటోకాల్‌లో ఏ రోజున ఏది బెడిసికొడుతుందో ముందే రాసి, ఆ రోజున వెళ్లి చూసే మనిషి.

కాబట్టి మా మొదటి కోరిక అనుమతి తర్వాతి పర్యవేక్షణను నియమంగా పెట్టమని. మా ఉద్దేశం పెద్ద తతంగం కాదు. ప్రతి ప్రోటోకాల్‌కూ ఐఏఈసీ ఇద్దరి పేర్లు రాయాలి: యానిమల్ హౌస్ వెటర్నరీ డాక్టరు ఒకరు, ఆ పరిశోధన విభాగానికి చెందని కమిటీ సభ్యులొకరు. వాళ్లు మూడుసార్లు వెళ్లాలి. మొదటిది సూది గానీ శస్త్రచికిత్స గానీ మొదలైన రోజు. రెండోది ఆ మోడల్‌లో ముప్పు ఎక్కువని ఫారం-బిలోనే గుర్తించిన రోజు (పైన చెప్పిన దాంట్లో అది మర్నాటి పొద్దున). మూడోది చెప్పకుండా వెళ్లేది, వీలైతే సెలవు రోజున. చూడాల్సినవి కేజ్ ముందు నిలబడి పావుగంటలో చూడగలిగినవే: కార్డు మీది ప్రోటోకాల్ నంబరుకూ కేజ్‌లోని జంతువుల సంఖ్యకూ పొంతన ఉందా, ఇచ్చే మోతాదు ఆమోదించిన మోతాదేనా, బరువులు నిజంగా తూచి రాస్తున్నారా లేక ఒకే చేతిరాతతో, ఒకే సిరాతో వారం మొత్తం ఒక్కసారే నింపారా, నొప్పి మందు సీసాలో మిగిలిన పరిమాణం రిజిస్టరుతో సరిపోతోందా. చూడటమే కాదు, అవసరమైతే అక్కడికక్కడే ప్రయోగాన్ని ఆపించే అధికారం వెటర్నరీ డాక్టరుకు రాతపూర్వకంగా ఉండాలి. ఆపినందుకు ఆయన మరుసటి ఏడాది కాంట్రాక్టు పోకుండా చూసే షరతు కూడా అందులోనే ఉండాలి. అది లేకపోతే మిగతాదంతా ఉత్త మాట. వెటర్నరీ డాక్టరు జీతం ఇచ్చేది ఆయన తనిఖీ చేయాల్సిన సంస్థే కదా.

రెండోది, ఎక్కడ ఆపాలన్న ప్రశ్న. ప్రయోగం మధ్యలో జంతువును బాధపెట్టకుండా చంపెయ్యాల్సిన సందర్భాలను 1998 నియమాలు చెప్పాయి: పక్షవాతం వచ్చి సహజ క్రియలు చేసుకోలేకపోవడం, తనంతట తాను కదలలేకపోవడం, తీవ్రమైన నొప్పి మళ్లీ మళ్లీ రావడం, ఆ జంతువు బతికుంటే మనుషులకో ఇతర జంతువులకో ప్రాణహాని కలగడం. చదవడానికి బాగానే ఉంది. కానీ ఎలుక వేటాడబడే జాతి. నొప్పిని దాచుకోవడం దాని బతుకు నేర్పిన విద్య. అది కదలలేక పడిపోయేదాకా ఆగడమంటే అప్పటికి రోజుల తరబడి బాధ పడనిచ్చినట్టే.

హ్యూమేన్ ఎండ్‌పాయింట్, అంటే ఎక్కడ ఆపాలో ముందే గీసుకునే గీత, అంకెల్లో ఉండాలి. మొదలైన రోజు బరువులో 20 శాతం తగ్గితే ఆపడం చాలా దేశాల్లో వాడుకలో ఉన్న గీత. దానికి రోజూ తూచాలి. వారానికోసారి తూచేచోట 20 శాతం అన్న మాటకు అర్థం లేదు, రెండు తూకాల మధ్య జంతువు 30 శాతం తగ్గి చనిపోవచ్చు. చిట్టెలుకల ముఖకవళికల కొలమానం 2010 నుంచి అందుబాటులో ఉంది: కళ్లు ముడుచుకోవడం, ముక్కు ఉబ్బు, చెంపల ఉబ్బు, చెవుల తీరు, మీసాల తీరు. ఒక్కోదానికి సున్నా నుంచి రెండు మార్కులు. నేర్చుకోవడానికి మధ్యాహ్నం ఒక పూట చాలు, పరికరం ఏదీ అక్కర్లేదు.

క్యాన్సర్ ప్రయోగాల్లో ఈ గీత ఎంత గుడ్డిగా గీస్తున్నారో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. చిట్టెలుకలో కణితి 20 మిల్లీమీటర్లు దాటకూడదని చాలా ప్రోటోకాళ్లలో రాస్తారు. మామూలుగా వాడే సూత్రం ప్రకారం (పొడవు × వెడల్పు వర్గం ÷ 2) 20 మి.మీ. గుండ్రటి కణితి 4,000 ఘన మిల్లీమీటర్లు, సుమారు 4 గ్రాములు. చిట్టెలుక బరువు 25 గ్రాములు. అంటే ఒంటి బరువులో 16 శాతం, 60 కిలోల మనిషి తొమ్మిదిన్నర కిలోల గడ్డను మోసినట్టు. అదే ప్రోటోకాల్‌లో ఇంకో పేరాలో కణితి శరీర బరువులో 10 శాతం మించకూడదని ఉంటుంది. రెండూ ఒకదానికొకటి పొసగవని ఎవరూ గమనించరు, ఎందుకంటే రెండూ ఎక్కడినుంచో అతికించిన వాక్యాలే. కణితి మీద చర్మం చిట్లి పుండు పడితే పరిమాణంతో పని లేకుండా ఆపాలన్న షరతు అసలే ఉండదు.

ఐరోపా సమాఖ్య 2010 నాటి ఆదేశంలో ప్రతి ప్రయోగాన్నీ నాలుగు తరగతుల్లో ఒకదాని కింద పెట్టాలి: మత్తులోంచి లేపకుండానే ముగించేది, స్వల్పం, మధ్యస్థం, తీవ్రం. ముందు ఊహించి ఒకటి రాస్తారు, అయిపోయాక నిజంగా ఎంత బాధ కలిగిందో జంతువు వారీగా మళ్లీ రాస్తారు. ఈ రెండో అంకె చాలా విలువైనది. 'స్వల్పం' అని అనుమతి తెచ్చుకున్న ప్రయోగం మూడుసార్లు వరసగా 'తీవ్రం'గా తేలితే నాలుగోసారి కమిటీ ఆ మాట నమ్మదు. మన ఫారం-బికి ఇలాంటి రెండు గడులు చేర్చడానికి ఏ చట్ట సవరణా అక్కర్లేదు.

నొప్పి మందుల దగ్గర మాత్రం తప్పు పరిశోధకులది ఒక్కరిదే కాదు. చిట్టెలుకకు శస్త్రచికిత్స అంటే ఎక్కువ చోట్ల కిలోకు 80-100 మి.గ్రా. కెటమైన్, 5-10 మి.గ్రా. జైలజీన్ కలిపి ఇస్తారు. శస్త్రచికిత్సకు సరిపడే మత్తు 20, 30 నిమిషాలు ఉంటుంది. మత్తు దిగాక కోత నొప్పి రెండు మూడు రోజులు ఉంటుంది. మత్తు మందునే నొప్పి మందుగా లెక్కగట్టి ఫారంలో 'అనస్థీషియా ఇవ్వబడును' అని రాసి ఊరుకోవడం మామూలైపోయింది. చట్టం అడిగింది శస్త్రచికిత్స వేళ నొప్పి తెలియకుండా చూడమనే కాదు. ప్రయోగానికి ముందూ తర్వాతా జంతువును సరిగ్గా చూసుకోవాలని కూడా 17వ సెక్షన్‌లోనే ఉంది.

ఇవ్వాల్సిన మందులు తెలియనివి కావు. మెలాక్సికామ్ చిట్టెలుకకు కిలోకు 5 మి.గ్రా., ఎలుకకు 1-2 మి.గ్రా. రోజుకోసారి. లోతైన కోతలకు బ్యుప్రెనార్ఫిన్ చిట్టెలుకకు కిలోకు 0.05-0.1 మి.గ్రా., కోతకు ముందే మొదలుపెట్టి 6 నుంచి 12 గంటలకోసారి. అంటే రాత్రి మోతాదు ఇవ్వడానికి మనిషి ఉండాలి. దీనికి తోడు జైలజీన్ ఇచ్చిన చిట్టెలుక ఒంటి వేడి వేగంగా పడిపోతుంది, కళ్లు తెరిచే ఉండి ఎండిపోతాయి. కింద వెచ్చటి ప్యాడ్, కంటికి ఆయింట్‌మెంట్ లేకపోతే శస్త్రచికిత్స ఎంత నేర్పుగా చేసినా చలికి చచ్చేవి కొన్ని ఉంటాయి. అవి 'శస్త్రచికిత్సలో మృతి' ఖాతాలో పడతాయి.

అసలు అడ్డంకి మందు దొరకడం. బ్యుప్రెనార్ఫిన్ మాదకద్రవ్యాల నియంత్రణ చట్టం పట్టికలో ఉంది, కెటమైన్ 2011లో అందులో చేరింది. దుర్వినియోగాన్ని ఆపడానికి ఆ నియంత్రణ ఉండాల్సిందే, దాన్ని సడలించమని మేము అడగడం లేదు. కానీ ఒక చిన్న కళాశాల రోజుకు వాడేది మిల్లీగ్రాముల్లో. దానికి కావాల్సిన లైసెన్సు, నిల్వ, రిజిస్టర్ల గొడవ పడలేక వదిలేస్తున్నారు. మీ కమిటీలో రిజిస్టరైన సంస్థలకు, వెటర్నరీ డాక్టరు బాధ్యత మీద, పరిమిత పరిమాణంలో ఈ మందులు అందే ఒక తీరైన దారిని ఔషధ నియంత్రణ, రెవెన్యూ శాఖలతో మాట్లాడి ఏర్పాటు చేయండి. అది జరిగేదాకా కూడా మెలాక్సికామ్‌కు ఏ అడ్డూ లేదు. ఫారంలో ఒక వాక్యం తిరగరాయండి చాలు: ఇప్పుడు నొప్పి మందు ఇస్తే ఎందుకిస్తున్నారో రాస్తున్నారు, ఇకమీదట ఇవ్వకపోతే ఎందుకివ్వడం లేదో రాయాలి. 'ఫలితాల మీద ప్రభావం పడుతుంది' అన్న ఒక్క ముక్క కుదరదు. ఏ ఫలితం మీద, ఏ మందు, ఎలా అని రాయాలి. తగ్గించని నొప్పి కూడా ఫలితాల్ని మారుస్తుంది మరి.

చంపే పద్ధతి గురించి రాయడానికి చాలామంది ఇష్టపడరు. మేము రాస్తాం, ఎందుకంటే ప్రయోగశాలలో దాదాపు ప్రతి ఎలుకకూ చివరికి అదే. కార్బన్ డై ఆక్సైడ్ వాడితే, నిమిషానికి పెట్టె ఘనపరిమాణంలో 30 నుంచి 70 శాతం నిండేలా వదలాలని అమెరికా వెటర్నరీ వైద్య సంఘం 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. పది లీటర్ల పెట్టెకు నిమిషానికి మూడు నుంచి ఏడు లీటర్లు. దీనికి ఫ్లోమీటర్ తప్పనిసరి. అది లేని చోట సిలిండర్ మూతను చప్పుడు విని అంచనాగా తిప్పుతారు. గ్యాస్ మరీ జోరుగా వస్తే ముక్కు, కళ్ల తడితో కలిసి ఆమ్లమై, స్పృహ తప్పకముందే మంట పుట్టిస్తుంది. మరీ నెమ్మదైతే ఊపిరాడని యాతన సాగుతుంది. అప్పుడే పుట్టిన పిల్లలు ఆక్సిజన్ లేమిని తట్టుకుంటాయి, వాటికి 50 నిమిషాల దాకా పట్టవచ్చు, పెద్దవాటితో కలిపి అయిదు నిమిషాల్లో తీసేస్తే అవి చావవు. చనిపోయిందనుకుని సంచిలో వేసిన జంతువు ఫ్రీజర్‌లో తేరుకోవడం ఈ రంగంలో అందరికీ తెలిసిన ఘోరం. మెడ ఎముక విడగొట్టడం లాంటి రెండో పద్ధతితో చావును ఖాయం చేసుకోకుండా సంచి కట్టకూడదన్నది నియమం కావాలి. గ్యాస్ కోసం పొడి మంచు (గడ్డకట్టిన కార్బన్ డై ఆక్సైడ్) వాడకాన్ని పూర్తిగా నిషేధించాలి. పెట్టె మీద దాని ఘనపరిమాణం, ఎంత ప్రవాహం వదలాలన్నది పెయింటుతో రాసి ఉండాలి.

ఇక సంఖ్యల విషయంలో కమిటీలు చేసే పని ఒక్కోసారి మాకు నచ్చదు. ఫలితం గణాంకపరంగా నిలబడేందుకు కావాల్సినన్ని జంతువుల్నే వాడాలని నియమం. ఆచరణలో అది 'గ్రూపుకు ఆరు' అన్న మంత్రంగా మారింది. ఎనిమిది అడిగితే ఆరుకు తగ్గించి, జంతువుల్ని కాపాడామని సమావేశపు మినిట్స్‌లో రాస్తారు. ఆరేసి జంతువులున్న రెండు గ్రూపులతో, 80 శాతం పవర్‌తో (అంటే నిజంగా తేడా ఉంటే దాన్ని పట్టుకునే అవకాశం నూటికి 80) పట్టుకోగలిగిన తేడా చాలా పెద్దది, ప్రామాణిక విచలనానికి (ఒక జంతువుకూ ఇంకోదానికీ మామూలుగా ఉండే తేడాల కొలతకు) సుమారు 1.8 రెట్లు. నిజమైన తేడా ఒక రెట్టే అయితే గ్రూపుకు 17 కావాలి. 17 కావాల్సిన చోట ఆరు వాడితే 11 బతికినట్టు కాదు, వాడిన పన్నెండూ దండగైనట్టు. అలాంటప్పుడు అనుమతి నిరాకరించడమో, 17 ఇవ్వడమో చేయాలి గానీ మధ్యే మార్గం లేదు. లెక్క వేసిన తీరు, అందులో పెట్టుకున్న తేడా ఎక్కడినుంచి వచ్చిందన్నది ఫారానికి జతపరచమనండి. జంతువుల్ని గ్రూపుల్లోకి లాటరీ పద్ధతిలో పంచారా, కొలిచేవారికి ఏది ఏ గ్రూపో తెలియకుండా చూశారా అన్నవి కూడా.

అసలు ఎన్ని పుట్టాయన్నది ఇంకో లెక్క. జన్యువు తీసేసిన చిట్టెలుకలు 20 కావాలనుకోండి. తల్లిదండ్రులు రెండూ హెటెరోజైగస్ (ఆ జన్యువు రెండు ప్రతుల్లో ఒక్కటే పోయినవి) అయినప్పుడు సంతానంలో నాలుగో వంతే పనికొస్తుంది, కనుక 80 పుట్టాలి. ఒక్క మగవే కావాలంటే 160. ఫారంలో కనిపించేది 20. మిగతా 140 ఏమయ్యాయో అడిగే గడి లేదు. ఐరోపా సమాఖ్య 2017కు ఈ లెక్క తీస్తే, పెంచి ప్రయోగానికి వాడకుండానే చంపినవి సుమారు 1.26 కోట్లు తేలాయి. మన దగ్గర కూడా పుట్టినవి, వాడినవి, వాడకుండా చంపినవి అని మూడు నిలువు వరసలతో దేశవ్యాప్త పట్టిక ఏటా మీ వెబ్‌సైటులో పెట్టండి. సంస్థల పేర్లు లేకపోయినా ఫరవాలేదు.

ప్రత్యామ్నాయాల గురించి ఎక్కువ చెప్పం, చట్టం ఇక్కడ వేగంగానే కదిలింది. సౌందర్య సాధనాల్ని జంతువుల మీద పరీక్షించడాన్ని 2014లో నిషేధించారు, అలా పరీక్షించినవాటి దిగుమతిని కూడా ఆ ఏడాదే ఆపారు. కొత్త మందుల నియమాల్ని 2023లో సవరించి కణ ఆధారిత పరీక్షలకు, చిన్న చిప్ మీద కణాలతో అవయవాన్ని అనుకరించే ఆర్గాన్-ఆన్-చిప్‌కు, కంప్యూటర్ మోడళ్లకు చోటిచ్చారు. హైదరాబాద్ సీసీఎంబీ ఇంక్యుబేషన్ కేంద్రంలో ఈ పద్ధతుల కోసమే ఒక విభాగం పనిచేస్తోంది. కానీ ఐఏఈసీ ముందుకొచ్చే ఫారంలో 'ప్రత్యామ్నాయాలు పరిశీలించారా?' అన్న ప్రశ్నకు 'అందుబాటులో లేవు' అని రాస్తే సరిపోతోంది. ఏ డేటాబేస్‌లో, ఏ పదాలతో, ఏ తేదీన వెతికారో రాయమనండి. చర్మపు మంటను మనిషి కణాలతో పెంచిన చర్మం మీద చూసే ఓఈసీడీ (అంతర్జాతీయ పరీక్షా మార్గదర్శకాలు ఇచ్చే సంస్థ) 439వ నంబరు పరీక్ష ఉండగా కుందేలు వీపు గొరగడానికి అనుమతి అడిగితే ఫైలు వెనక్కి పోవాలి. సగం జంతువులు చచ్చే మోతాదు (ఎల్‌డీ 50) కోసం పెట్టిన పాత 401 పరీక్షను ఓఈసీడీ 2002లోనే రద్దు చేసింది. దాని స్థానంలో వచ్చిన 423లో దశకు మూడు జంతువులే. అయినా 'ఎల్‌డీ 50 కనుగొనుట' అన్న లక్ష్యంతో ప్రతిపాదనలు ఇంకా రావడానికి కారణం, పాత థీసిస్ నుంచి కొత్త థీసిస్‌లోకి ఎక్కించుకోవడమే.

ఐఏఈసీలో శాస్త్రజ్ఞులు కాని, సామాజిక స్పృహ ఉన్న సభ్యులొకరు ఉండాలని నియమం. జంతువు తరఫున మామూలు మనిషి అడగాల్సిన ప్రశ్నలు అడగడానికే ఆ కుర్చీ. వాళ్లకు నలభై పేజీల ఇంగ్లిష్ ఫారం ముందురోజు సాయంత్రం మెయిల్‌లో వస్తుంది. వాళ్లు మాట్లాడరు, మాట్లాడలేరు. జంతువుకు ఏం చేస్తారు, ఎంత నొప్పి, ఎందుకు, చివరికి ఏమవుతుంది అన్న నాలుగు ప్రశ్నలకు జవాబుగా ఒక పేజీ సారాంశాన్ని ఆ రాష్ట్ర భాషలో ఏడు రోజుల ముందు ఇవ్వాలని నియమం పెట్టండి. అదే పేజీని, పరిశోధకుల పేర్లు, సంస్థ పేరు తీసేసి, ప్రజల ముందు పెట్టొచ్చు. పరిశోధన రహస్యాలు బయటపడతాయన్న అభ్యంతరం వస్తుంది. ఐరోపా దేశాలు ఇలాంటి సారాంశాలు ఏళ్లుగా ప్రచురిస్తూనే ఉన్నాయి, మందుల కంపెనీలు అక్కడ నడుస్తూనే ఉన్నాయి.

ప్రయోగం ముగిశాక బతికి ఉన్న కుక్కలు, కుందేళ్లు వంటివాటి పోషణ ఖర్చు ప్రయోగం బడ్జెట్‌లోనే ఉండాలన్న మీ నియమం మంచిది. ఆ డబ్బును విడి ఖాతాలో ముందే జమ చేయిస్తేనే అది అమలవుతుంది, గ్రాంటు ముగిశాక అడిగితే ఎవరి దగ్గరా ఉండదు.

శిక్షల సంగతి. మీరు 19వ సెక్షన్ కింద ఇచ్చిన ఆదేశాన్ని ధిక్కరిస్తే 20వ సెక్షన్ వేసే గరిష్ఠ జరిమానా రెండు వందల రూపాయలు. ఈ చట్టంలో జంతు హింసకు ఉన్న శిక్షలు చాలవని, పార్లమెంటు తగిన సవరణ చేయాలని సుప్రీంకోర్టు 2014 మే 7న జల్లికట్టుపై వచ్చిన నాగరాజ కేసు తీర్పులో చెప్పింది. సవరణ కోసం మీరు గట్టిగా సిఫారసు చేయాలి. అయితే జరిమానా పెరిగేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. ఏ వేళనైనా సమంజసమనిపిస్తే వెళ్లి చూసి రికార్డులు అడిగే అధికారం 18వ సెక్షన్ ఇచ్చింది. సంజాయిషీ విన్నాక ఒక వ్యక్తినో సంస్థనో ప్రయోగాలు చేయకుండా ఆపే అధికారం, షరతులు పెట్టే అధికారం 19వ సెక్షన్ ఇచ్చింది. ఏ సంస్థా రెండు వందలకు భయపడదు, ఆరు నెలలు ప్రయోగాలు ఆగిపోతాయంటే ప్రతి సంస్థా భయపడుతుంది. తనిఖీ నివేదికల్నీ, ఆ తర్వాత ఇచ్చిన ఆదేశాల్నీ బయట పెట్టడం మొదలుపెడితే మిగతావాళ్లు తమ యానిమల్ హౌస్ తామే సర్దుకుంటారు.

వీటన్నిటికీ సమయం పడుతుందని తెలుసు. నియమాలు మార్చాలంటే ముసాయిదా ప్రచురించి అభ్యంతరాలు వినాలి. ఒక్కటి మాత్రం వచ్చే నెల నుంచే చేయొచ్చు: ప్రతి ఐఏఈసీ సమావేశంలో కొత్త ప్రతిపాదనలు తెరవకముందు, కిందటి సమావేశంలో అనుమతించిన ఒక్కో ప్రోటోకాల్ గురించి మీ నామినీ మూడు అంకెలు అడిగి మినిట్స్‌లో రాయించాలి. ఎన్ని జంతువులు తెచ్చారు, అనుకోకుండా ఎన్ని చనిపోయాయి, నొప్పి మందు ఎన్నింటికి అందింది. అంకెలు తేని పరిశోధకుల కొత్త ప్రతిపాదనను ఆ రోజు ఎజెండా నుంచి తీసేయాలి.

ఇట్లు,
యానిమల్ హౌస్‌లలో, ఐఏఈసీలలో పనిచేస్తున్న వెటర్నరీ డాక్టర్లు, ఫార్మకాలజీ అధ్యాపకులు, శాస్త్రేతర సభ్యులు